ఒకే పియానో కచేరీ: పక్కావిడకు కన్నీళ్ళు, నాకు వేళ్ళ వేగం. లోపం ఎవరిది?

మీరు అడిగినది ఇదీ. పేరున్న ఒక పియానిస్టు కచేరీకి వెళ్ళారు. షోపాన్, లిస్ట్ రచనలు వాయించి, చివర్లో షూమన్ రాసిన చిన్న ముక్క ఒకటి వాయించాడు. మీ పక్క సీటావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెనక వరసలో కుర్రాళ్ళు లేచి నిలబడి కేకలు పెట్టారు. మీతో వచ్చిన స్నేహితుడు "స్పీడు తప్ప ఇందులో ఏముంది" అన్నాడు. మీకు వేళ్ళ వేగం చూసి ఆశ్చర్యం కలిగిందే తప్ప లోపల ఏదీ కదలలేదు. చిన్నప్పటి నుంచీ కర్ణాటక సంగీతం విన్న చెవులు మీవి. లోపం మీలో ఉందా, వాయించినాయనలో ఉందా, లేక ఆ ఏడ్చినవాళ్ళు నలుగురితో పాటు నారాయణ అన్నారా? చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియక ఒకసారి ఇబ్బంది పడ్డానని కూడా రాశారు.

నేను సికింద్రాబాద్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పియానో నేర్పుతున్నాను. మా అమ్మ వీణ వాయించేది. అందుకే మీ చెవికి ఏ అలవాటు ఉందో నాకు బాగా తెలుసు. మీలో లోపం లేదు. ఆవిడ ఏడుపూ నటన కాదు. 19వ శతాబ్దంలో షోపాన్, షూమన్, లిస్ట్ లాంటివాళ్ళు రాసిన పియానో సంగీతాన్ని (దీన్నే రొమాంటిక్ కాలపు సంగీతం అంటారు, ప్రేమ పాటలని అర్థం కాదు) వినేటప్పుడు సగం పని శ్రోతే చేసుకోవాలి. ఎవరి సగం వాళ్ళు ఎలా పూరించుకుంటే వాళ్ళకు అలాంటి కచేరీ వినిపిస్తుంది. ఇది వేదాంతం కాదు, పియానో కట్టుబడిలోనే ఉన్న విషయం. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు నేను స్కేలు నేర్పను. పియానో మూత తెరిచి, మధ్యలో ఒక కీ నొక్కి పట్టుకోమంటాను. శబ్దం పూర్తిగా ఆగిపోయిందనిపించాక చెయ్యి తియ్యమంటాను. అందరూ తొందరగా తీసేస్తారు. చెవి చెక్కకు ఆనించి రెండోసారి నొక్కితే, ఆగిపోయిందనుకున్న స్వరం ఇంకా చాలాసేపు నడుస్తూ ఉంటుంది. పిల్లల మొహాలు అప్పుడు చూడాలి. అదే పని కుడి చివర కీ మీద చేయిస్తే టక్కుమని కట్టె చప్పుడు, దాని వెనకే ఒక క్షణం పాటు సన్నటి మెరుపు, అంతే.

కీ నొక్కగానే లోపల ఉన్ని దట్టించిన సుత్తి లేచి తీగను కొడుతుంది. తీగను తాకడానికి కొంచెం ముందే సుత్తికీ వేలికీ మధ్య లంకె తెగిపోతుంది. చేతిలోంచి వదిలిన రాయి లాంటిదే ఇక అది. ఆ తర్వాత వాయించేవాడు ఆ స్వరాన్ని పెంచలేడు, ఊపలేడు, పక్క స్వరంలోకి జార్చలేడు. పుట్టిన క్షణం నుంచీ అది తగ్గుతూ పోవడమే.

వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగను లాగి రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. గాత్రం సంగతి చెప్పక్కర్లేదు. మన చెవికి రాగం ప్రాణమంతా స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న దారిలో ఉంటుంది. తోడి గాంధారం ఒక్కచోట నిలబడదు కదా. అలాంటి చెవితో పియానో దగ్గరికి వెళితే చుక్కలు కనిపిస్తాయి, ముగ్గు కనిపించదు. ఆయన ఎంత వేగంగా, ఎంత కచ్చితంగా చుక్కలు పెడుతున్నాడో మీరు చూశారు. పక్కావిడ వాటిని కలుపుకుంది.

గొప్ప పియానిస్టు చేసే పనంతా మనం కలుపుకోవడానికి వీలుగా చుక్కలు పెట్టడమే. షోపాన్ తన శిష్యులను ఇటాలియన్ ఒపెరా గాయకులను వినమనేవాడు. ఎడమ చెయ్యి తాళం చూసుకునే మనిషి, అది చలించకూడదు, కుడి చెయ్యి దాని మీద స్వేచ్ఛగా పాడుకోవచ్చు అని చెప్పేవాడు. ఈ పట్టూ విడుపూ ఉన్న నడకను రుబాటో అంటారు. ఆరు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కినా పైన ఉన్న పాట స్వరం ఒక్కటే ఎత్తుగా వినిపించేలా వేళ్ళ బరువు పంచడం ఇంకో విద్య. అనుభవం ఉన్నవాళ్ళ వాయింపును కొలిచి చూస్తే, ఆ పాట స్వరం మిగతావాటికంటే సుమారు 30 మిల్లీసెకన్లు ముందు పడుతుంది. అది ఆలస్యమనో తొందరనో మనకు తెలియదు, పాట మాత్రం పైకి తేలుతుంది. ఇక కుడికాలి పెడల్. అది తొక్కితే తీగల మీద ఉన్న మెత్తలన్నీ లేచిపోయి, కొట్టని తీగలు కూడా అనునాదంతో మోగుతాయి. చచ్చిపోతున్న స్వరం చుట్టూ ఒక పొగమంచు కమ్ముకుంటుంది. ఆ మంచులోంచే తర్వాతి స్వరం పుడితే రెండూ కలిసే ఉన్నాయని మన చెవి నమ్ముతుంది.

మీ స్నేహితుడు స్పీడు గురించి అన్న మాటకు కూడా ఇక్కడే జవాబు ఉంది. స్వరం నిలబడని వాయిద్యంలో దాన్ని నిలబెట్టాలంటే మళ్ళీ మళ్ళీ కొట్టాలి. లిస్ట్, షోపాన్ పేజీలకు పేజీలు గబగబా వచ్చే సన్న స్వరాలతో నింపడానికి ముఖ్య కారణం అదే. షోపాన్ ఓపస్ 25లో (ఓపస్ అంటే అచ్చైన రచనల వరస సంఖ్య) మొదటి ఎట్యూడ్‌ను, అంటే వేళ్ళ సాధన కోసం రాసిన రచనను, షోపానే వాయించగా షూమన్ విన్నాడు. ఆ సన్న స్వరాలు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించాయనుకోవద్దని, ఎ ఫ్లాట్ మేజర్ స్వరసముదాయమే (కలిసి మోగే కొన్ని స్వరాల గుంపు) అలలా లేచి పడుతున్నట్టు ఉందని, దాని మధ్యలోంచి ఒక పాట వినిపించిందని రాశాడు. వేగం ఒక హద్దు దాటితే చుక్కలు వాటంతటవే గీత అయిపోతాయి. అలా గీత కానప్పుడు, వేళ్ళే కనిపిస్తూ పాట వినిపించనప్పుడు, మీ స్నేహితుడి మాట నిజమే. అలా వాయించేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు చప్పట్లు కూడా బాగానే పడతాయి. కాబట్టి మీ స్నేహితుణ్ణి కొట్టిపారేయకండి. ఆ రోజు ఆ రచనలో ఏది జరిగిందో మీరిద్దరూ విన్నారు, నేను వినలేదు.

ఇప్పుడు నలుగురితో నారాయణ సంగతి. ఈ అనుమానం మీకే కొత్తగా వచ్చింది కాదు. 1840ల్లో ఫ్రాంజ్ లిస్ట్ యూరప్ అంతా తిరిగి వాయిస్తుంటే ఆడవాళ్ళు ఆయన చేతి తొడుగుల కోసం, రుమాలు కోసం పెనుగులాడేవారని, తెగిన పియానో తీగను గాజులా చేయించుకునేవారని చెబుతారు. కవి హైన్రిష్ హైనే 1844లో ఈ పిచ్చికి "లిస్టోమానియా" అని పేరు పెట్టాడు. మానియా అంటే అప్పట్లో అచ్చంగా జబ్బు పేరే. దీనికి కారణం ఏమిటని ఒక వైద్యుణ్ణి అడిగానని, ఆయన అయస్కాంతం, విద్యుత్తు, లెక్కలేనన్ని కొవ్వొత్తులు వెలుగుతున్న ఉక్క గదిలో కిక్కిరిసిన జనం, అంటువ్యాధి అంటూ చెప్పుకొచ్చాడని హైనే రాశాడు.

అంటువ్యాధి అన్న మాటలో నిజం ఉంది. హాల్లో వెయ్యిమంది ఊపిరి బిగబట్టి కూర్చుంటే మన ఊపిరీ బిగుసుకుంటుంది. అయితే అంటుకున్నంత మాత్రాన అబద్ధం అయిపోదు. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి తల్లి గొంతు పూడుకుపోగానే పందిట్లో ఉన్న ఆడవాళ్ళందరికీ కళ్ళనీళ్ళు తిరుగుతాయి. వాళ్ళలో సగం మందికి ఆ పిల్లతో పెద్ద పరిచయం కూడా ఉండదు. ఎవరి అప్పగింతలు వాళ్ళకు గుర్తొచ్చి ఏడుస్తారు. ఆ ఏడుపును నటన అంటామా?

ఒకే మనిషి స్పందన ఎంత మారుతుందో క్లారా షూమన్‌ను చూస్తే తెలుస్తుంది. ఆమె సామాన్య శ్రోత కాదు, ఆ శతాబ్దంలోనే పెద్ద పియానిస్టుల్లో ఒకరు. 1838లో, 18 ఏళ్ళ వయసులో, వియన్నాలో మొదటిసారి లిస్ట్ వాయించగా విని తట్టుకోలేక వెక్కి ఏడ్చానని ఆమే రాసుకుంది. 16 ఏళ్ళ తర్వాత, 1854 మే నెలలో, లిస్ట్ తన బి మైనర్ సొనాటాను (పియానో ఒక్కదానికే రాసిన పెద్ద రచన) ఆమె భర్త రాబర్ట్ షూమన్‌కు అంకితమిచ్చి అచ్చు వేయించి పంపాడు. అప్పటికి యువకుడైన స్వరకర్త బ్రామ్స్ దాన్ని ఆమెకు వాయించి వినిపించాడు. అందులో గుడ్డి రొద తప్ప ఏమీ లేదని, పైగా దీనికి కృతజ్ఞతలు కూడా చెప్పాలని ఆమె డైరీలో బాధపడింది. ఈ రోజు ఆ సొనాటాను రొమాంటిక్ పియానో సాహిత్యంలో శిఖరాల్లో ఒకటిగా లెక్కిస్తారు. రచన వేరు, వాయించిన చేతులు వేరు, నిజమే. కానీ ఆ మే నెలలో ఆమె పరిస్థితి ఏమిటో గుర్తు చేసుకోండి. ఫిబ్రవరిలో రాబర్ట్ రైన్ నదిలో దూకాడు. మార్చి నుంచి బాన్ దగ్గర ఎండెనిష్ మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. ఇంట్లో పిల్లలు, కడుపులో ఇంకొకరు. అలాంటి రోజుల్లో అరగంట పాటు సాగే తుఫాను లాంటి రచన ఆమె చెవికి రొదగా వినిపించిందంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆమె తీర్పుతో నేను ఏకీభవించను. ఆమె స్పందనను మాత్రం తప్పుపట్టలేను.

వాయించేవాళ్ళ వైపు నుంచి చూసినా శ్రోత స్పందన కచేరీ అయ్యాక వచ్చేది కాదు, కచేరీ లోపలే ఉంటుంది. దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ రష్యన్ స్వరకర్త, పియానిస్టు రాఖ్మనినోవ్. 1931లో ఆయన పాత ఇటాలియన్ స్వరకర్త కొరెల్లి పేరుతో 20 వేరియేషన్ల (ఒకే పాటను రకరకాలుగా మార్చి రాసిన ముక్కలు) రచన ఒకటి చేశాడు. అదే ఏడాది చివర్లో తన స్నేహితుడు, స్వరకర్త మెట్నర్‌కు రాసిన ఉత్తరంలో, దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా వాయించలేదని చెప్పుకున్నాడు. హాల్లో దగ్గులు ఎక్కువైతే తర్వాతి వేరియేషన్ వదిలేసేవాడు. దగ్గులు లేకపోతే వరసగా వాయించేవాడు. ఒక చిన్న ఊళ్ళో ఎంత దగ్గారంటే పది వేరియేషన్లే వాయించి ముగించాడు. న్యూయార్క్‌లో 18 దాకా వెళ్ళగలిగాడు. ఆ కాలంలో ఆయనకు మించిన పియానిస్టు లేడనేవాళ్ళు చాలామంది. అంతటి మనిషి దగ్గును బట్టి కచేరీ కొలుచుకున్నాడు. మనం సీట్లో ఊరికే కూర్చున్నామనుకుంటాం, వేదిక మీద ఉన్నవాళ్ళకు మన విసుగు కూడా వినిపిస్తుంది.

ఈ మొత్తం విషయాన్ని ఒకే కచేరీలో చూడాలంటే పియానిస్టు వ్లాదిమిర్ హోరోవిట్జ్ మాస్కో కచేరీ చూడాలి. దీని వీడియో దొరుకుతుంది, తప్పకుండా చూడండి.

హోరోవిట్జ్ 1903లో పుట్టి కీవ్‌లో పెరిగాడు. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు స్వరకర్త స్క్రియాబిన్‌కు వాయించి వినిపించాడు. 1925లో బెర్లిన్‌లో చదువుకోవడానికని దేశం దాటాడు, ఇక తిరిగి వెళ్ళలేదు. తర్వాత అమెరికాలో స్థిరపడ్డాడు. తండ్రి సోవియట్ ఖైదులో పోయాడు. అక్క రెజీనా ఖార్కివ్‌లో పియానో నేర్పుతూ 1984లో కన్నుమూసింది, అక్కాతమ్ముళ్ళు మళ్ళీ కలుసుకోనే లేదు. 61 ఏళ్ళ తర్వాత, 1986 ఏప్రిల్ 20న, 82 ఏళ్ళ వయసులో మాస్కో కన్సర్వేటరీ పెద్ద హాల్లో వాయించడానికి కూర్చున్నాడు. న్యూయార్క్‌లోని తన సొంత స్టైన్‌వే పియానోను విమానంలో తెప్పించుకున్నాడు. టికెట్లలో ఎక్కువ భాగం అధికారులకూ పరిచయస్తులకూ పోయాయి. టికెట్ దొరకని విద్యార్థులు కాపలావాళ్ళను తోసుకుని లోపలికి దూసుకొచ్చి, బాల్కనీలో నిలబడి విన్నారు.

స్కార్లాట్టి, మోజార్ట్‌తో మొదలుపెట్టి రాఖ్మనినోవ్, స్క్రియాబిన్, షూబర్ట్, లిస్ట్, షోపాన్ వాయించాడు. తప్పు స్వరాలు కొన్ని పడ్డాయి. మీరు వీడియోలో గమనించాల్సింది ఆయన శరీరం. వేళ్ళు బల్లపరుపుగా చాచి, మణికట్టు కిందికి దించి, దాదాపు కదలకుండా కూర్చుంటాడు. మొహంలో ఏ భావమూ కనిపించదు. కళ్ళు మూసుకుని ఊగిపోవడం, చేతులు గాల్లోకి విసరడం, ఏవీ లేవు. కంటికి ఏమీ ఇవ్వడు, అంతా చెవికే.

చివర్లో చప్పట్లు ఆగకపోతే వాయించిన వాటిలో షూమన్ "ట్రాయ్‌మెరాయ్" ఒకటి. స్వప్నం, పగటికల అని అర్థం. 1838లో షూమన్ చిన్ననాటి దృశ్యాలంటూ రాసిన 13 చిన్న రచనల్లో ఇది ఏడోది. 24 బార్లు మాత్రమే (బార్ అంటే మన ఆవర్తం లాంటిది). వేళ్ళకు కష్టమైనది ఒక్కటీ లేదు, నా దగ్గర నాలుగైదేళ్ళు నేర్చుకున్న పిల్లలు వాయిస్తారు. ఆ ముక్క నడుస్తుండగా కెమెరా జనం వైపు తిరుగుతుంది. ఒక పెద్దమనిషి కదలకుండా కూర్చుని ఉంటాడు. చెంప మీదుగా కన్నీటి చుక్క జారుతుంది. తుడుచుకోడు.

ఆ మనిషి ఎందుకు ఏడ్చాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తిరిగొచ్చిన ముసలివాణ్ణి చూసి అనుకునేవాణ్ణి. అది కొంత అయ్యుండొచ్చు. తర్వాత తెలిసింది, సోవియట్ యూనియన్‌లో ఈ పాటకు ఇంకో జీవితం ఉంది. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం జరిగిన మమాయెవ్ కుర్గాన్ గుట్ట మీద, చనిపోయిన సైనికుల పేర్లు చెక్కిన గోడల మధ్య, ఆరని జ్యోతి దగ్గర, రోజూ వినిపించేది ఇదే పాట. జర్మన్ స్వరకర్త రాసిన పసిపిల్లల కల. 1965 నుంచి రెండో ప్రపంచయుద్ధపు విజయదినాన టీవీలో మౌనం పాటించే కార్యక్రమంలోనూ ఇదే వచ్చేది. 1986లో ఆ హాల్లో కూర్చున్న యాభై ఏళ్ళు దాటిన ఎవరికైనా ఈ పాటతో పాటు ఇంట్లో ఖాళీ అయిన ఒక కుర్చీ గుర్తుకొస్తుంది. న్యూయార్క్‌లో అదే మనిషి అదే ముక్క వాయిస్తే చాలా అందంగా ఉందని జనం మురిసిపోయారు. మాస్కోలో అది ఇంకేదో అయింది. పెట్టిన చుక్కలు అవే, కలిపింది వేరే చేతులు.

దీనికి వ్యతిరేకమైన రోజు కూడా హోరోవిట్జ్ జీవితంలో ఉంది. 1983లో మొదటిసారి జపాన్ వెళ్ళాడు. అప్పట్లో ఆయన బలమైన మందులు వాడుతున్నాడు, జ్ఞాపకం తడబడుతోంది, వేళ్ళు సహకరించలేదు. టికెట్ ధర ఆకాశాన్నంటింది. పెద్ద విమర్శకుడు హిదెకాజు యోషిదా ఆయన్ను పగులు పట్టిన పురాతన వస్తువు అన్నాడు. ఆ మాట దేశమంతా పాకింది. యోషిదా నిజాయితీగా విన్నాడు, విన్నదే చెప్పాడు. హోరోవిట్జ్ కొంతకాలం వేదికకు దూరమై, మందులు మానుకుని, కోలుకున్నాడు. మాస్కో తర్వాత అదే 1986లో మళ్ళీ జపాన్ వెళ్ళి వాయించాడు. నాకు ఈ కథలో ఇద్దరూ నచ్చుతారు. పెద్ద పేరు చూసి చప్పట్లు కొట్టని శ్రోత ఉన్నాడు కాబట్టే మాస్కో కన్నీటికి విలువ.

నిపుణులైతే ఏకాభిప్రాయం ఉంటుందనుకోకండి. 1980 వార్సా షోపాన్ పోటీలో ఇవో పోగోరెలిచ్ అనే యువ పియానిస్టును ఫైనల్‌కు పంపకపోతే, ఆయన జీనియస్ అంటూ జడ్జిల్లో ఒకరైన పేరున్న పియానిస్టు మార్తా ఆర్గెరిచ్ రాజీనామా చేసి వెళ్ళిపోయింది. ఒకే హాలు, ఒకే రోజు, అందరూ ఉద్దండులే.

ఇక మీ విషయం. మీకు ఏమీ అనిపించకపోవడానికి నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, మీరు కళ్ళతో విన్నారు. అందరం అదే చేస్తాం. 2013లో చియా-జుంగ్ త్సే అనే పరిశోధకురాలు పియానో పోటీల వీడియోలను శబ్దం లేకుండా ఆరు సెకన్లు చూపించి, ఎవరు గెలిచి ఉంటారో చెప్పమని అడిగింది. శబ్దం మాత్రమే విన్నవాళ్ళకంటే మూగ వీడియో చూసినవాళ్ళే విజేతను బాగా గుర్తుపట్టారు. వాళ్ళలో వృత్తి సంగీతకారులు కూడా ఉన్నారు. మనం విన్నామనుకునే దానిలో చూసింది చాలా ఉంటుందన్నమాట. మీరు వేళ్ళ వేగం గురించి రాశారు కానీ ఒక్క పాట గురించి కూడా రాయలేదు.

రెండోది ఇంకా ముఖ్యం. దారి తెలియని చోట మలుపు కోసం ఎదురుచూడలేం. 2011లో మాంట్రియల్‌లో చేసిన పరిశోధనలో, సంగీతం విని ఒళ్ళు జలదరించే క్షణంలోనే కాకుండా, ఆ క్షణం రాబోతోందని ఎదురుచూసే సెకన్లలో కూడా మెదడులో డోపమైన్ (ఆనందంతో ముడిపడిన రసాయనం) విడుదలవుతుందని తేలింది. మీకు బాగా తెలిసిన కీర్తనలో అనుపల్లవి తారషడ్జం వైపు ఎక్కుతుంటే, అది చేరకముందే మీ వెన్ను నిటారుగా అవుతుంది కదా. ఆ ఎదురుచూపు మీకు త్యాగరాజ కృతిలో ఉంది, షోపాన్‌లో ఇంకా లేదు. అది రావడానికి థియరీ చదవక్కర్లేదు. వినడమే.

ట్రాయ్‌మెరాయ్‌తోనే మొదలుపెట్టండి. మూడు నిమిషాల లోపే. పది రోజులు, రోజుకు ఒకసారి, చూడకుండా, హెడ్‌ఫోన్స్‌తో. పాట కింద నుంచి మొదలై మెట్లెక్కినట్టు పైకి వెళ్ళి, మెల్లగా దిగుతుంది. అదే ఎక్కడం మళ్ళీ మళ్ళీ వస్తుంది. రెండోసారి ఎక్కినప్పుడు, ఆరో బార్‌లో, ఇంకొంచెం పైకి వెళుతుంది. ముగింపు దగ్గర, 22వ బార్‌లో, మళ్ళీ అదే ఎత్తుకు చేరుతుంది. ఈసారి కింద ఎడమచేతి స్వరాలు మారిపోయి ఉంటాయి. ఇల్లు అదే, లోపల దీపం వేరు. ఆ స్వరసముదాయం మీద షూమన్ ఆగమని గుర్తు పెట్టాడు. ఎంతసేపు ఆగాలో రాయలేదు.

ఇక్కడే చెవి పెట్టండి. పైన ఉన్న ఆ స్వరం కొట్టిన క్షణం నుంచీ తగ్గిపోతోంది. వాయించేవాడు దాన్ని పెంచలేడు. ఎక్కువసేపు ఆగితే చచ్చిపోతుంది. త్వరగా దిగితే ఎక్కిన ఫలితం దక్కదు. ఆ కొద్ది క్షణాల్లో హాలును బట్టి, పియానోను బట్టి, జనం ఎంత నిశ్శబ్దంగా ఉన్నారన్నదాన్ని బట్టి ఆయన నిర్ణయించుకోవాలి. మాస్కోలో హోరోవిట్జ్ ఆగింది వినండి, తర్వాత ఇంకో ఇద్దరు పియానిస్టులు ఆగింది వినండి. ఏ ఇద్దరూ ఒకేలా ఆగరు.

ఈ కచేరీ క్యాసెట్ నాకు మొదట దొరికినప్పుడు అమ్మకు వినిపించాను. ఆవిడకు పియానో సంగీతం అంటే పెద్దగా ఇష్టం లేదు, గమకం లేని స్వరం ఉప్పు లేని పప్పులా ఉంటుందనేది. ఈ ముక్క వస్తుంటే కూరగాయలు తరగడం ఆపలేదు. చివరి ఎక్కడం దగ్గర మాత్రం కత్తి ఆగింది. ఖాళీగా ఉన్న ఎడమచేతి వేళ్ళు ఒళ్ళో కదిలాయి, మెట్టు మీద తీగ లాగుతున్నట్టు. స్వరం సన్నబడి పోతుంటే ఆవిడ వేలు దాన్ని లాగి పట్టుకుంది. పాట అయ్యాక "అక్కడ వదిలేశాడేం రా, ఇంకొంచెం పట్టొచ్చుగా" అంది. పియానోలో ఇక పట్టడానికి ఏమీ లేదని చెప్పాను. "నాకు వినిపిస్తూనే ఉందే" అంది.

మీరు కూడా ఆ చెవితోనే వినండి. కర్ణాటక సంగీతం మీకు అడ్డం కాదు. గమకం తెలిసిన చెవికి చుక్కల మధ్య దారి ఊహించుకోవడం మిగతావాళ్ళకంటే తేలిక, కొంచెం పరిచయం కావాలంతే. ట్రాయ్‌మెరాయ్ తర్వాత షోపాన్ నాక్టర్న్ (రాత్రి వేళ భావంతో రాసిన నెమ్మదైన రచన) ఓపస్ 27లో రెండోది వినండి. ఎడమ చెయ్యి నీళ్ళలా ఒకే తీరున నడుస్తుంటే కుడి చెయ్యి దాని మీద ఎలా తాత్సారం చేస్తుందో గమనించండి. లిస్ట్ జోలికి చివర్లో వెళ్ళండి.

చప్పట్ల విషయం. ఇప్పటి మర్యాద ప్రకారం, ఒక రచనలో భాగాల మధ్య చప్పట్లు కొట్టరు, మొత్తం అయ్యాకే. మీరు మధ్యలో కొట్టినందుకు వెనక్కి తిరిగి చూసినవాళ్ళను పట్టించుకోకండి. రొమాంటిక్ కాలంలో ఈ మర్యాద లేదు, భాగాల మధ్య నిశ్శబ్దమే అవమానంగా ఉండేది. 1859 జనవరి 27న లైప్‌జిగ్‌లో బ్రామ్స్ తన మొదటి పియానో కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచన) తానే వాయించాడు. మొదటి రెండు భాగాలకు జనంలో చిన్న కదలిక కూడా లేదని, చివర్లో మూడు జతల చేతులు మెల్లగా కలవబోతే నలువైపుల నుంచీ బుస్సుమన్నారని స్నేహితుడు, వయొలినిస్టు యోవాఖిమ్‌కు రాశాడు. ఈ రోజు అదే నిశ్శబ్దాన్ని గౌరవం అంటున్నాం. మన సభల్లో "శభాష్" అనడం, తొడ మీద తాళం వేయడం ఎంత సహజమో, ఒకప్పుడు వాళ్ళకూ మధ్యలో మెచ్చుకోవడం అంతే సహజం. సందేహం వస్తే పియానిస్టు చేతులు చూడండి. అవి ఇంకా కీల మీద గాల్లో నిలిచి ఉంటే రచన అవలేదు. ఒళ్ళోకి దిగి, ఆయన మీ వైపు తిరిగితే అప్పుడు కొట్టండి.

ఒక్క కోరిక. నెమ్మదిగా ముగిసే రచనల్లో చివరి స్వరం తర్వాత పెడల్ ఇంకా తొక్కే ఉంటుంది, తీగలు ఇంకా మోగుతూనే ఉంటాయి. కాలు పైకి లేచినప్పుడు మెత్తలు తీగల మీద వాలే సన్నటి చప్పుడు ముందు వరసలకు వినిపిస్తుంది. అప్పటిదాకా ఆగండి. పది రోజులు విన్నాక 22వ బార్ దగ్గర మీకు ఏం వినిపించిందో ఇక్కడే రాయండి, ఏమీ వినిపించకపోతే అది కూడా రాయండి. ఏ రికార్డింగ్ విన్నారో చెబితే నేనూ అదే పెట్టుకుని విని జవాబు రాస్తాను.